ఇంట్లో కూచిపూడి వాద్యబృందాన్ని రికార్డ్ చేయాలంటే ఎలాంటి ఆడియో ఇంటర్‌ఫేస్ కొనాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. విజయవాడలో మీ ఇంటి మేడ మీద పన్నెండడుగులకు పద్నాలుగడుగుల గది ఉంది. విండోస్ 11 ఉన్న డెస్క్‌టాప్ ఉంది. ఇప్పటిదాకా రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్‌తో (మైక్‌ల శబ్దాన్ని కంప్యూటర్‌లోకి పంపే బాక్స్‌తో) పాట, వేణువు విడివిడిగా రికార్డ్ చేస్తూ వచ్చారు. ఇకమీదట మీ అక్కగారి కూచిపూడి బృందానికి కావాల్సిన పాటలన్నీ అందరూ కలిసి కూర్చుని వాయిస్తుండగా రికార్డ్ చేయాలి. అందుకు ఇప్పుడున్నలాంటిదే ఇంకొకటి కొని రెండూ కలపవచ్చా, యూఎస్‌బీ ఉన్న మిక్సర్ సరిపోతుందా, లేక 18 ఇన్‌పుట్లు అని రాసి ఉన్న పెద్ద బాక్స్ కొనాలా అన్నది మీ సందేహం.

ముందు సమాధానం చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఎనిమిది మైక్ ప్రీయాంప్‌లు (మైక్ నుంచి వచ్చే బలహీనమైన సిగ్నల్‌ను పెంచే సర్క్యూట్లు), వాటితోపాటు ఏడాట్ ఆప్టికల్ ఇన్‌పుట్ (ఒకే కేబుల్‌తో ఇంకో ఎనిమిది చానళ్లు చేర్చుకునే సాకెట్) ఉన్న యూఎస్‌బీ ఇంటర్‌ఫేస్ ఒక్కటి కొనండి. మీ బృందం బయట వేదికల మీద సొంత సౌండ్ పెట్టుకుని ప్రదర్శనలు ఇస్తుంటే మాత్రం బెరింజర్ ఎక్స్ఆర్18 లాంటి డిజిటల్ మిక్సర్ మీకు ఎక్కువ పనికొస్తుంది. రెండో చిన్న ఇంటర్‌ఫేస్ మాత్రం వద్దు.

బాక్స్ మీద ఏ అంకె ఉందో చూసేముందు, మీ గదిలో ఒకేసారి మోగేవి ఎన్నో కాగితం మీద రాసుకోండి. గాయకురాలికి ఒక మైక్. నట్టువాంగం చేసేవారికి రెండు: జతులు చెప్పే గొంతుకు ఒకటి, తాళాలకు ఒకటి. మృదంగానికి కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి. వయొలిన్, వేణువు, వీణ ఒక్కొక్కటి. అక్కడికే ఎనిమిది నిండిపోయాయి. గది మొత్తం ధ్వనిని పట్టుకోవడానికి దూరంగా ఒక జత మైక్‌లు పెడితే పది. పక్కన కూర్చుని "చరణం మళ్లీ అందుకోండి" అని చెప్పే గురువుగారికి ఒక మైక్ ఇస్తే పదకొండు. ఘటమో మోర్సింగో చేరిన రోజు పన్నెండు.

తగ్గించుకునే వీలు ఉంది. మృదంగానికి ముందువైపు కాస్త ఎత్తులో ఒకే మైక్ పెట్టినా మంచి శబ్దమే వస్తుంది. నట్టువాంగానికి కూడా ఒక మైక్‌తో గడుస్తుంది. అలా చూస్తే ఆరుతో పని జరుగుతుంది. అందుకే ఎనిమిది మీకు సరైన మొదలు అంటున్నాను. నాలుగు తక్కువ, పదహారు ఇప్పుడే అక్కర్లేదు, కానీ పన్నెండుకు వెళ్లే దారి తెరిచి ఉండాలి.

ఇక్కడే ఒక ప్రశ్న మిమ్మల్ని మీరు వేసుకోవాలి. అందరూ ఒకేసారి వాయించడం నిజంగా అవసరమా? సినిమా పాటలాగా క్లిక్ (లయ కోసం హెడ్‌ఫోన్స్‌లో వినిపించే టిక్కు టిక్కు చప్పుడు) పెట్టి, ముందు మృదంగం, తర్వాత పాట, ఆ తర్వాత వయొలిన్ అని పేర్చుకుంటూ వెళ్లేట్లయితే మీ దగ్గరున్న రెండు ఇన్‌పుట్లే చాలు. కానీ కూచిపూడికి అది సరిపడదని నా గట్టి అభిప్రాయం. తరంగం అనే కూచిపూడి నృత్యాంశంలో నట్టువాంగం చేసేవారు జతి ముగింపులో లయను ఎక్కడ బిగిస్తారో మృదంగం ఆ క్షణానే పట్టుకుంటుంది. అభినయం ఉన్న పదంలో గాయకురాలు ఒక మాట దగ్గర ఆగితే వీణ కూడా ఆగుతుంది. ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ వాయిస్తేనే అది వస్తుంది. కాబట్టి మీరు అందరినీ కలిపి రికార్డ్ చేయాలనుకోవడం సరైన నిర్ణయమే. దానికి పెట్టే ఖర్చు వృథా కాదు.

ఇప్పుడు ఆ 18 సంగతి. ఇంటర్‌ఫేస్ మీద రాసే అంకెలో మైక్ పెట్టుకోగల ఇన్‌పుట్లే కాక డిజిటల్ ఇన్‌పుట్లు కూడా కలిపేస్తారు. బెరింజర్ యూఎంసీ1820 తీసుకోండి. అందులో మైక్ పెట్టుకోగలిగేవి ఎనిమిది. ఏడాట్ ఆప్టికల్ ద్వారా వచ్చేవి ఎనిమిది. ఎస్పీడిఫ్ అనే ఇంకో డిజిటల్ కనెక్షన్ ద్వారా రెండు. మొత్తం 18. ఫోకస్‌రైట్ స్కార్లెట్ 18ఐ20 లెక్క కూడా అంతే. అక్కడిదాకా బాగానే ఉంది. కానీ అదే కంపెనీ నాలుగో తరంలో 18ఐ16 అని ఇంకొకటి ఉంది. పేరులో 18 ఉన్నా దానికి మైక్ ప్రీయాంప్‌లు నాలుగే. 16ఐ16లో అయితే రెండే. పేరు చూసి ఆర్డర్ పెట్టి, బాక్స్ విప్పాక మైక్ సాకెట్లు లెక్కపెట్టి దిగాలు పడేవాళ్లు చాలామంది. కాబట్టి వివరాల పట్టికలో "మైక్ ప్రీయాంప్‌లు" అన్న వరుస ఒక్కటే ముందు చూడండి. ముందువైపు, వెనకవైపు ఫొటోలు రెండూ చూసి, ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) పట్టే సాకెట్లు వేలితో లెక్కపెట్టండి.

రెండు చిన్న ఇంటర్‌ఫేస్‌లు కలపడం ఎందుకు వద్దంటున్నానో చెబుతాను. విండోస్‌లో రికార్డింగ్ సాఫ్ట్‌వేర్లు ఏసియో అనే పద్ధతిలో ఇంటర్‌ఫేస్‌తో మాట్లాడతాయి. మామూలుగా ఒక సాఫ్ట్‌వేర్ ఒక సమయంలో ఒకే ఏసియో డ్రైవర్‌ను తీసుకుంటుంది. ఏసియో4ఆల్ లాంటి ఉపాయాలతో రెండింటినీ ఒకటిగా చూపించవచ్చు. మ్యాక్‌లో అయితే ఆ సౌకర్యం సిస్టమ్‌లోనే ఉంది. అసలు చిక్కు గడియారంతో వస్తుంది. ప్రతి ఇంటర్‌ఫేస్‌లో సెకనుకు 48,000 సార్లు శబ్దాన్ని కొలిచే గడియారం ఉంటుంది. రెండు వేర్వేరు బాక్సుల్లోని గడియారాలు ఎప్పుడూ అచ్చంగా ఒకే వేగంతో నడవవు. రెండింటి మధ్య పది లక్షలకు ఇరవై వంతుల తేడా ఉందనుకోండి. ఇరవై నిమిషాల తరంగం పూర్తయ్యేసరికి అది 24 మిల్లీసెకన్లు అవుతుంది. మొదట్లో సరిగ్గా ఉన్న మృదంగం, చివరి జతికి వచ్చేసరికి తాళాల కంటే వెనకబడి వినిపిస్తుంది. వాయించినవాళ్ల తప్పేమీ ఉండదు, కానీ వినేవాళ్లకు వాళ్లదే తప్పు అనిపిస్తుంది. గడియారాలను కేబుల్‌తో జోడించే సౌకర్యం ఉన్న బాక్సులకు ఈ బాధ లేదు. రెండు ఇన్‌పుట్ల చిన్న ఇంటర్‌ఫేస్‌లలో ఆ సాకెట్ ఉండటం అరుదు.

యూఎస్‌బీ మిక్సర్ విషయంలో ఇంకో మోసపోయే చోటు ఉంది. షాపులో "పన్నెండు చానళ్ల మిక్సర్ సార్, యూఎస్‌బీ కూడా ఉంది" అంటారు. ఆ మాట నిజమే. కానీ అలాంటి అనలాగ్ మిక్సర్లలో చాలావాటికి యూఎస్‌బీ ద్వారా కంప్యూటర్‌లోకి వెళ్లేది అన్నీ కలిసిపోయిన స్టీరియో మిక్స్, అంటే రెండే ట్రాక్‌లు. రికార్డింగ్ అయ్యాక వీణ వినబడలేదంటే ఇక చేయగలిగింది ఏమీ ఉండదు. సౌండ్‌క్రాఫ్ట్ సిగ్నేచర్ 12 ఎంటీకే, టాస్కామ్ మోడల్ 12, జూమ్ లైవ్‌ట్రాక్ ఎల్-12 లాంటి కొన్ని మాత్రం ప్రతి చానల్‌నూ విడి ట్రాక్‌గా పంపుతాయి. మిక్సర్ మీద చేతులు పెట్టి పని చేయడం మీకు ఇష్టమైతే అలాంటివి చూడండి. అమ్మే వ్యక్తిని ఒక్కటే అడగండి: "కంప్యూటర్‌లో విడివిడిగా ఎన్ని ట్రాక్‌లు వస్తాయి?" జవాబు తడబడితే కొనకండి.

కనెక్షన్ గురించి మీరు పడుతున్న టెన్షన్ అనవసరం. యూఎస్‌బీ 2 పాతదైపోయింది, థండర్‌బోల్ట్ లేకపోతే ఎనిమిది మైక్‌లు రావేమో అని రాశారు. లెక్క చూడండి. 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో ఒక చానల్‌కు సెకనుకు 11 లక్షల 52 వేల బిట్లు. 18 చానళ్లకు సుమారు 2 కోట్ల 7 లక్షలు. యూఎస్‌బీ 2 సామర్థ్యం సెకనుకు 48 కోట్ల బిట్లు. వాస్తవంలో అంత పూర్తిగా దొరకకపోయినా మీ అవసరానికి ఎన్నో రెట్లు మిగులుతుంది. థండర్‌బోల్ట్ కోసం అదనంగా డబ్బు పెట్టే బదులు ఆ డబ్బుతో ఒక మంచి మైక్ కొనుక్కోండి. సెకండ్‌హ్యాండ్‌లో చవగ్గా దొరికే ఫైర్‌వైర్ ఇంటర్‌ఫేస్‌లు, పీసీఐ కార్డుల జోలికి మాత్రం వెళ్లకండి. 2001లో మోటూ 828 అనే ఇంటర్‌ఫేస్ వచ్చినప్పుడు ఫైర్‌వైర్ గొప్ప ముందడుగే. కానీ ఇప్పటి కంప్యూటర్లలో ఆ పోర్టు ఉండదు. పాత పీసీఐ స్లాట్ కూడా కొత్త మదర్‌బోర్డుల్లో దాదాపు కనబడదు.

వేగం కంటే డ్రైవర్ ముఖ్యం. డ్రైవర్ అంటే ఇంటర్‌ఫేస్‌కు, విండోస్‌కు మధ్య పనిచేసే ప్రోగ్రామ్. అది బాగా రాసి ఉంటే ఎనిమిది ట్రాక్‌లు గంటసేపు చీమ చిటుక్కుమనకుండా రికార్డ్ అవుతాయి. లేకపోతే మధ్యలో టిక్కు టిక్కుమని చప్పుళ్లు వస్తాయి. ఆర్ఎంఈ కంపెనీకి అంత పేరు రావడానికి పెద్ద కారణం, వాళ్ల పాత మోడళ్లకు కూడా ఏళ్ల తరబడి డ్రైవర్లు ఇస్తూ ఉండటం. మీరు ఏది ఎంచుకున్నా కొనేముందు ఆ కంపెనీ సైట్‌లోకి వెళ్లి, ఆ మోడల్‌కు విండోస్ 11 ఏసియో డ్రైవర్ ఉందా, చివరిసారి ఎప్పుడు మార్చారు అన్నది చూడండి. మూడు నాలుగేళ్లుగా తాకని డ్రైవర్ ఉంటే ఆ మోడల్ పక్కన పెట్టండి.

లేటెన్సీ గురించి, అంటే మైక్‌లో పడిన శబ్దం కంప్యూటర్‌లోకి వెళ్లి హెడ్‌ఫోన్స్‌లో వినబడేదాకా పట్టే ఆలస్యం గురించి కూడా అడిగారు. బఫర్ (కంప్యూటర్ ఒక విడతలో అందుకునే శబ్దపు ముక్క) 128 శాంపిళ్లు, 48 కిలోహెర్ట్జ్ పెడితే ఒక వైపుకు 2.67 మిల్లీసెకన్లు. లోపలికి, బయటికి కలిపి, డ్రైవర్ పెట్టుకునే అదనపు సమయంతో పది లోపల ఉంటుంది. గాలిలో శబ్దం మీటరు దూరం వెళ్లడానికి దాదాపు 3 మిల్లీసెకన్లు పడుతుంది. అంటే ఎదురుగా రెండు మూడు మీటర్ల దూరంలో కూర్చున్న మృదంగాన్ని విన్నంత ఆలస్యమే. మీవాళ్లు ఒకే గదిలో ఒకరినొకరు చెవులతోనే వింటారు కాబట్టి కలిసి వాయించేటప్పుడు లేటెన్సీ అసలు అడ్డే కాదు. బఫర్ 512కో 1024కో పెంచేసి కంప్యూటర్‌ను ప్రశాంతంగా పనిచేయనివ్వండి. తర్వాత ఎప్పుడైనా గాయకురాలు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక చరణం మళ్లీ పాడాల్సి వస్తే అప్పుడు తగ్గించుకోవచ్చు. లేదా ఇంటర్‌ఫేస్‌లోనే ఉండే డైరెక్ట్ మానిటరింగ్ వాడుకోవచ్చు. అప్పుడు గొంతు కంప్యూటర్‌లోకి వెళ్లి రావాల్సిన పనే లేదు.

ప్రీయాంప్‌ల నాణ్యత దగ్గర మాత్రం మీ వాద్యాలను దృష్టిలో పెట్టుకుని ఆలోచించాలి. మీ బృందంలో రెండు చివరలు ఉన్నాయి. ఒక చివర వీణ, చాలా మెత్తటి శబ్దం. ఇంకో చివర నట్టువాంగం తాళాలు, కొట్టిన క్షణంలో సూదిలా లేచే శబ్దం.

వీణకు గెయిన్ (మైక్ సిగ్నల్‌ను ఎంత పెంచాలన్నది) ఎక్కువ కావాలి, ఆ గెయిన్ పెంచినప్పుడు ప్రీయాంప్ నుంచి సర్రుమనే రొద రాకూడదు. దగ్గర్లో మంచి కండెన్సర్ మైక్ పెడితే ఇప్పుడొస్తున్న మధ్యతరగతి ప్రీయాంప్‌లు ఏవైనా ఆ పని చేస్తాయి. షూర్ ఎస్ఎం7బీ లాంటి డైనమిక్ మైక్‌ను గాయకురాలికి వాడాలనుకుంటే దానికి 60 డీబీ దాకా గెయిన్ అవసరం. స్కార్లెట్ నాలుగో తరం ప్రీయాంప్‌లు 69 డీబీ ఇస్తాయి కాబట్టి వాటితో ఇబ్బంది ఉండదు. వీణకు పికప్ (వాద్యానికే బిగించే చిన్న మైక్ లాంటిది) ఉంటే దాన్ని మామూలు లైన్ ఇన్‌పుట్‌కు పెట్టకండి. ముందువైపు ఉండే, గిటార్ గుర్తు ఉన్న ఇన్‌స్ట్రుమెంట్ ఇన్‌పుట్‌కే పెట్టండి. లేకపోతే మంద్రం పలచబడి, శబ్దం రేకు డబ్బాలా వస్తుంది.

తాళాల విషయం దీనికి సరిగ్గా వ్యతిరేకం. మైక్‌ను తాళాలకు అడుగు దూరంలో పెట్టి, జతులు చెప్పే గొంతుకు తగినట్లు గెయిన్ పెంచితే ప్రతి తాళం దెబ్బకూ ఎర్ర లైటు వెలుగుతుంది. డిజిటల్‌లో ఒకసారి క్లిప్ అయిన, అంటే హద్దు మించి పగిలిన శబ్దాన్ని మళ్లీ బాగుచేయలేం. అందుకే గొంతుకు, తాళాలకు వేర్వేరు మైక్‌లు అన్నాను. తాళాల మైక్‌ను రెండున్నర మూడు అడుగుల దూరానికి జరపండి. ఇంటర్‌ఫేస్‌లోనో మైక్ మీదో ప్యాడ్ స్విచ్ (సిగ్నల్‌ను తగ్గించేది) ఉంటే వేయండి. 24 బిట్‌లో సిద్ధాంతరీత్యా 144 డీబీ దాకా చోటు ఉంటుంది. కాబట్టి మీటర్ పైదాకా నింపాలన్న ఆత్రం వద్దు. గట్టిగా వాయించినప్పుడు మైనస్ 12 దగ్గర ఆగితే చాలు. రిహార్సల్‌లో వాయించినదానికంటే అసలు టేక్‌లో అందరూ గట్టిగానే వాయిస్తారు, అది గుర్తుంచుకోండి.

ఈ పనిలో ఆటో గెయిన్ అనే సౌకర్యం నిజంగా ఉపయోగపడుతుంది. ఆడియెంట్ ఈవో 16లో దాన్ని స్మార్ట్‌గెయిన్ అంటారు. ఎనిమిది చానళ్లనూ ఎంచుకుని బటన్ నొక్కి, అందరినీ కాసేపు గట్టిగా వాయించమంటే అదే సరైన స్థాయి పెట్టేస్తుంది. స్కార్లెట్ నాలుగో తరంలోనూ ఇలాంటిదే ఉంది, దానితోపాటు క్లిప్ అవబోతుంటే గెయిన్‌ను తనంతట తానే తగ్గించే క్లిప్ సేఫ్ కూడా ఉంది. మీరే రికార్డ్ చేస్తూ మీరే వేణువు వాయించాల్సి వచ్చే ఇంట్లో ఇది సోకు కాదు, అవసరం.

ఫాంటమ్ పవర్ (కండెన్సర్ మైక్‌లు పనిచేయడానికి కేబుల్ ద్వారా వెళ్లే 48 వోల్టుల కరెంటు) ఒక్కో చానల్‌కు విడిగా ఇచ్చే వీలుందో లేదో కూడా చూడండి. కొన్ని బాక్సుల్లో నాలుగు చానళ్లకు కలిపి ఒకే స్విచ్ ఉంటుంది. మామూలు డైనమిక్ మైక్‌కు సరైన ఎక్స్ఎల్ఆర్ కేబుల్ ద్వారా 48 వోల్టులు వెళ్లినా ఏమీ కాదు. పాతకాలపు రిబ్బన్ మైక్‌లు ఉంటే మాత్రం జాగ్రత్త. కండెన్సర్లన్నీ ఒక నాలుగింటికి, డైనమిక్‌లన్నీ ఇంకో నాలుగింటికి సర్దుకుంటే సరి.

ఏడాట్ ఎందుకు ఉండాలని అంత గట్టిగా అంటున్నానంటే, మీ ఎనిమిది మైక్‌లు పదహారు కావడానికి అన్నిటికంటే చవకైన దారి అదే. అలెసిస్ కంపెనీ 1991లో ఏడాట్ అనే రికార్డర్‌ను పరిచయం చేసింది. ఎస్-వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్ మీద ఎనిమిది ట్రాక్‌లు డిజిటల్‌గా రికార్డ్ చేసేది. ఆ మెషీన్లు ఎప్పుడో మూలపడ్డాయి కానీ, వాటి మధ్య శబ్దం పంపడానికి పెట్టిన ఆప్టికల్ కనెక్షన్ మాత్రం ఈ రోజుకీ అన్ని కంపెనీలూ వాడుతున్నాయి. టీవీకి సౌండ్‌బార్ కలిపే సన్నటి ఆప్టికల్ కేబులే దీనికీ సరిపోతుంది. ఆ ఒక్క కేబుల్‌లో 48 కిలోహెర్ట్జ్ దగ్గర ఎనిమిది చానళ్లు వస్తాయి. 96 పెడితే నాలుగే వస్తాయి.

అంటే రేపు ఘటం, కంజీర, గది మైక్‌లు చేర్చాలనుకున్నప్పుడు బెరింజర్ ఏడీఏ8200 లాంటి ఎనిమిది ప్రీయాంప్‌ల బాక్స్ ఒకటి కొని ఆప్టికల్ కేబుల్ పెడితే చాలు. కంప్యూటర్‌కు ఇంకా ఒకే ఇంటర్‌ఫేస్ ఉన్నట్లే కనిపిస్తుంది, ఒకే డ్రైవర్. గడియారం కూడా ఒకటే కావాలి, అది మాత్రం మీరు సెట్ చేయాలి. రెండు బాక్సుల్లో ఒకటి తన గడియారంతో నడవాలి, రెండోది దాన్ని అనుసరించాలి. అందరూ చేసే తేలికైన పద్ధతి, ఏడీఏ8200 నుంచి ఇంటర్‌ఫేస్‌కు ఒకే కేబుల్ వేసి, ఇంటర్‌ఫేస్ సెట్టింగ్స్‌లో క్లాక్ సోర్స్‌ను ఏడాట్‌కు మార్చడం. మరిచిపోతే కొద్ది కొద్ది సేపటికి చిటపటలు వినబడతాయి. ఆ బాక్స్ బాగా వేడెక్కుతుంది కాబట్టి ఇంటర్‌ఫేస్ మీద పేర్చకుండా మధ్యలో గాలి ఆడేలా పెట్టండి.

శాంపిల్ రేటు (సెకనుకు శబ్దాన్ని ఎన్నిసార్లు కొలవాలన్నది) ఎంత పెట్టాలన్నదానికి ఇందులోనే సమాధానం ఉంది. మీ పాటలు చివరికి డాన్స్ వీడియోలతో కలుస్తాయి, వీడియోకు 48 కిలోహెర్ట్జ్ మామూలు. 48 పెట్టండి, ఆ విషయం అక్కడితో వదిలేయండి. 192 దాకా వెళ్తుందని బాక్స్ మీద పెద్దక్షరాలతో రాసినదానికి మీరు విలువ కట్టాల్సిన పని లేదు.

హార్డ్‌డిస్క్ గురించి ఒక్క మాట. ఎనిమిది ట్రాక్‌లు 24 బిట్, 48లో గంటకు 4 జీబీ పైచిలుకు తీసుకుంటాయి. మామూలు ఎస్ఎస్‌డీకి అది భారం కాదు. బాక్స్‌తో ఉచితంగా వచ్చే లైట్ సాఫ్ట్‌వేర్లలో ఒకేసారి ఎన్ని ట్రాక్‌లు రికార్డ్ చేయవచ్చన్నదానికి పరిమితి ఉండవచ్చు, అది చూసుకోండి. రీపర్‌కు అలాంటి పరిమితి లేదు. 60 రోజులు పూర్తిగా వాడి చూసి నచ్చితే కొనుక్కోవచ్చు.

హెడ్‌ఫోన్స్ సంగతి చాలామంది చివర్లో ఆలోచిస్తారు. స్కార్లెట్ 18ఐ20, యూఎంసీ1820, ఈవో 16 మూడింటికీ రెండేసి హెడ్‌ఫోన్ సాకెట్లు ఉన్నాయి. మీకు కనీసం గాయకురాలికి, నట్టువాంగం చేసేవారికి, మీకు కలిపి మూడు కావాలి. బెరింజర్ హెచ్ఏ400 లాంటి చిన్న బాక్స్ ఒకటి తెచ్చుకుంటే ఒక అవుట్‌పుట్ నుంచి నలుగురికి ఇవ్వవచ్చు. ఎందుకు కావాలంటే శ్రుతి కోసం. ఎలక్ట్రానిక్ తంబూరను గదిలో మోగిస్తే అది ఎనిమిది మైక్‌లలోనూ దూరి కూర్చుంటుంది, తర్వాత తగ్గించాలన్నా తగ్గదు. కంప్యూటర్ నుంచే శ్రుతి హెడ్‌ఫోన్స్‌లోకి పంపండి, ఒక చెవికి మాత్రమే పెట్టుకోమనండి. చివర్లో మంచి తంబూరను మీకు కావాల్సిన స్థాయిలో కలుపుకోవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కో రకం మిక్స్ వినిపించాలంటే ఇంటర్‌ఫేస్‌కు సొంత మిక్సర్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. స్కార్లెట్‌కు ఉంది, ఈవోకు ఉంది, ఆర్ఎంఈ టోటల్‌మిక్స్ అయితే ఈ పనిలో అన్నిటికంటే ముందు. యూఎంసీ1820కి లేదు. అది చవగ్గా రావడానికి ఇదొక కారణం.

ఒక ఆశ మాత్రం ముందే తుంచేస్తాను, కోపం తెచ్చుకోకండి. ఎనిమిది ట్రాక్‌లు విడిగా వచ్చినంతమాత్రాన ఎనిమిది శబ్దాలు విడిగా రావు. ఆ గదిలో ఆరుగురు కూర్చుంటే వీణ మైక్‌లో మృదంగం స్పష్టంగా వినిపిస్తుంది. ఎంత ఖరీదైన ఇంటర్‌ఫేస్ కొన్నా ఇది మారదు. మైక్ తన వాద్యానికి ఎంత దూరంలో ఉందో, పక్క మైక్ అంతకు కనీసం మూడు రెట్లు దూరంలో ఉండేలా చూడండి. మృదంగాన్ని, తాళాలను గదికి ఒక మూల, వీణను, వయొలిన్‌ను ఎదుటి మూల కూర్చోబెట్టండి. గోడలకు బొంతలు, మందపాటి దుప్పట్లు వేలాడదీయండి. గాయకురాలి పాటలో తప్పు దొర్లితే ఆ ఒక్క గొంతు ట్రాక్‌ను మార్చడం కుదరదు, మిగతా మైక్‌లలో పాత గొంతు వినబడుతూనే ఉంటుంది. ఆ పల్లవో చరణమో అందరూ కలిసి మళ్లీ వాయించి అతికించుకోవడమే పద్ధతి. లేదంటే గాయకురాలిని తలుపు తీసి ఉంచిన పక్క గదిలో కూర్చోబెట్టండి. ముఖాలు కనిపిస్తాయి, గొంతు కొంత వేరుగా వస్తుంది. మీరు కొనే బాక్స్‌తో దక్కేది వాద్యాల మధ్య పాళ్లు తర్వాత సరిచేసుకునే స్వేచ్ఛ. అది చాలా గొప్ప విషయమే, కానీ అంతవరకే.

కరెంటు గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో రికార్డింగ్‌లు ఎక్కువగా చెడేది ఇక్కడే. మన సరఫరా 50 హెర్ట్జ్. ఎర్తింగ్ సరిగా లేకపోతే 50, 100, 150 హెర్ట్జ్ దగ్గర గుయ్యిమనే రొద అన్ని ట్రాక్‌లలోనూ చేరుతుంది. మృదంగం ఎడమవైపు నుంచి వచ్చే గుంభనమైన నాదం, గుంకీ, కూడా ఆ ప్రాంతంలోనే ఉంటుంది కాబట్టి ఫిల్టర్‌తో తీసేస్తే గుంకీ కూడా పోతుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ గది ప్లగ్‌ల ఎర్త్ పరీక్ష చేయించండి. కంప్యూటర్, ఇంటర్‌ఫేస్, స్పీకర్లు అన్నీ ఒకే బోర్డు నుంచి ఇవ్వండి. రొద పోతుందని ఎవరైనా ఎర్త్ పిన్ తీసేయమంటే ఒప్పుకోకండి, అది ప్రాణాంతకం. మైక్‌లకు ఎక్స్ఎల్ఆర్ కేబుళ్లే వాడండి.

పవర్ కట్‌ల కోసం ఇన్వర్టర్ ఉంటే అది ప్యూర్ సైన్ వేవ్ రకమా కాదా చూడండి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద నడిపితే కొన్ని అడాప్టర్లు రొద పెడతాయి, ఇంటర్‌ఫేస్‌కూ మంచిది కాదు. ఎనిమిది ప్రీయాంప్‌లు ఉన్న బాక్స్ యూఎస్‌బీ కరెంటుతో నడవదు, దానికి విడిగా కరెంటు ఇవ్వాలి. కాబట్టి కంప్యూటర్‌తోపాటు ఇంటర్‌ఫేస్‌ను కూడా యూపీఎస్‌కు కలపండి. ఇరవై నిమిషాల తరంగంలో పద్దెనిమిదో నిమిషాన కరెంటు పోతే పోయేది ఫైల్ ఒక్కటే కాదు, వాయించేవాళ్ల ఉత్సాహం కూడా.

ఇక ఏది కొనాలి. ఖర్చు బాగా తక్కువలో ఉండాలంటే యూఎంసీ1820. ఎనిమిది ప్రీయాంప్‌లు, ఏడాట్, 96 కిలోహెర్ట్జ్ దాకా వెళ్తుంది. మీ పనికి దాని శబ్దంలో లోటేమీ కనిపించదు. మిక్సర్ సాఫ్ట్‌వేర్ లేకపోవడమే లోటు. దానికి రెట్టింపుకు పైగా పెట్టగలిగితే స్కార్లెట్ 18ఐ20 నాలుగో తరం. నేను మీ స్థానంలో ఉంటే ఇదే కొంటాను, ఆటో గెయిన్ కోసం, గెయిన్ ఎక్కువగా దొరకడం కోసం. ఆడియెంట్ ఈవో 16 కూడా దీనికి సమానంగా చూడదగ్గదే. ఏడాట్ ఇన్‌పుట్లు రెండు ఉన్నాయి కాబట్టి పెరిగే చోటు ఇంకా ఎక్కువ. టాస్కామ్ యూఎస్-16ఎక్స్08 మంచి బాక్సే కానీ ఏడాట్ లేదు, ఎనిమిది మైక్‌ల దగ్గరే ఆగిపోతారు. ఆర్ఎంఈ కావాలని మనసులో ఉంటే బేబీఫేస్ ప్రో ఎఫ్ఎస్‌కు ఏడీఏ8200 జతచేయండి. బేబీఫేస్‌లో రెండు, దీనిలో ఎనిమిది, మొత్తం పది మైక్‌లు. గాయకురాలికి, వీణకు బేబీఫేస్ ప్రీయాంప్‌లు ఇచ్చి, మిగతావి రెండో బాక్స్‌కు పెట్టండి.

వేదిక ప్రదర్శనలు కూడా మీ చేతుల్లోనే ఉంటే ఎక్స్ఆర్18 గురించి గట్టిగా ఆలోచించండి. పదహారు ప్రీయాంప్‌లు, యూఎస్‌బీ ద్వారా పద్దెనిమిది చానళ్లు కంప్యూటర్‌లోకి, వాద్యకారులకు విడి మిక్స్‌లు ఇవ్వడానికి ఆరు ఆగ్జిలరీ అవుట్‌పుట్లు. ట్యాబ్లెట్ మీద నడుస్తుంది. ఇంట్లో రికార్డింగ్, కల్యాణమండపంలో సౌండ్ రెండూ అదే చూసుకుంటుంది, ప్రదర్శనను కూడా ట్రాక్‌లుగా రికార్డ్ చేసుకోవచ్చు. 44.1, 48 తప్ప వేరే రేట్లు లేవు, మీకు అవసరమూ లేదు. దానిలోపలి వైఫైని జనం నిండిన హాల్లో నమ్ముకోకుండా విడి రౌటర్ ఒకటి పెట్టుకోండి.

ఎక్కడ కొన్నా బిల్లుతో, భారతదేశంలో చెల్లే వారంటీతో కొనండి. బయటి దేశం నుంచి చుట్టాలు తెస్తే కాస్త తగ్గుతుంది గాని, చెడితే ఇక్కడ సర్వీస్ సెంటర్ ముట్టుకోకపోవచ్చు.

బాక్స్ ఇంటికి వచ్చాక వాపసు ఇచ్చే గడువు లోపలే ఒక పరీక్ష చేయండి. కంపెనీ సైట్ నుంచి తాజా డ్రైవర్ వేయండి. డబ్బాలో వచ్చిన సీడీ ఉంటే పక్కన పడేయండి. యూఎస్‌బీ హబ్ లేకుండా కంప్యూటర్ వెనక పోర్టుకే కలపండి. విండోస్ పవర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ సెలెక్టివ్ సస్పెండ్ ఆపేయండి. ఒకే మైక్‌ను ఒక్కో ఇన్‌పుట్‌కు మార్చుతూ ఎనిమిదింటిలోనూ ఒకే గెయిన్ దగ్గర ఒకే స్థాయి వస్తోందా చూడండి. ఫాంటమ్ పవర్ ఎనిమిదింటికీ అందుతోందా చూడండి. తర్వాత ఫ్యాన్ ఆపేసి, ఎనిమిది ట్రాక్‌లూ రికార్డ్‌లో పెట్టి గంటసేపు వదిలేయండి. ఆ గంటలో లాటెన్సీమాన్ అనే ఉచిత ప్రోగ్రామ్ కూడా నడపండి, కంప్యూటర్‌లో ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో అది చెబుతుంది. ఆ దొంగ చాలాసార్లు వైఫై డ్రైవరే అవుతుంది, రికార్డింగ్ సమయంలో వైఫై ఆపేస్తే సరిపోతుంది. ఆపేశాక కూడా ఏదో ఒక ట్రాక్‌లో టిక్కు వినిపించినా, ఒక చానల్ మాత్రం మిగతావాటికంటే రొద పెట్టినా, మొహమాటపడకుండా ఆ బాక్స్ వెనక్కి పంపి ఇంకొకటి తెప్పించుకోండి.